మూడు రాళ్ల పరీక్ష

పెద్దలందరికీ నమస్కారం. పని రోజైనా కొట్లు మూసుకుని వచ్చిన వర్తకులకు, కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డ మా వీధివాళ్లకు, వెనక వరుసలో గుంపుగా కూర్చున్న నా తోటి విద్యార్థులకు నమస్కారం. మా మామయ్య పోయి ఎనిమిది రోజులైంది. మీ అందరికీ ఆయన కాటా మాస్టారు. ఈ చుట్టుపక్కల కాటా చెడినా, త్రాసు ముల్లు వంగినా, తూకపు రాయి అరిగినా మీ కాళ్లు ఆయన కొట్టు వైపే నడిచేవి. నాకు మాత్రం ఆయన మేనమామ. అమ్మా నాన్నా లేని నన్ను ఏడో ఏట చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పెంచినవాడు.

నన్ను ఆఖరి వక్తగా పిలిచారు. "తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్న కుర్రాడు, నాలుగు మంచి మాటలతో ముగిస్తాడు" అన్నారు వర్తక సంఘం అధ్యక్షులు. మంచి మాటలు రాసుకునే వచ్చానండీ. రెండు కాగితాలు, జేబులో ఉన్నాయి. వాటిని బయటికి తియ్యను.

ఎందుకు తియ్యనంటే, ఇప్పుడే అధ్యక్షులవారు ఒక మాట అన్నారు. "నలభై ఏళ్లలో ఒక్కసారి, వయసు మీదపడి, మాస్టారి చెయ్యి జారింది. మనిషన్నాక పొరపాటు సహజం. దాన్ని మనం ఎప్పుడో మన్నించేశాం" అన్నారు. మీరు చప్పట్లు మొదలుపెట్టి, ఇది సంతాప సభ అని గుర్తొచ్చి మధ్యలో ఆపేశారు. మొదటి వరుసలో మా అత్తయ్య తల దించుకుంది. నేను చూశాను.

అధ్యక్షులవారూ, మీరు మంచి మనసుతోనే అన్నారు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. కానీ ఆ మాట అలా గాలిలో ఉండగా నేను మంచి మాటలు చదివి దిగిపోలేను. కాసేపు ఓపిక పట్టండి.

ముందు ఆయన పని చేసే తీరు చెప్పాలి. అది తెలియకపోతే తరవాతది అర్థం కాదు.

మా కొట్టు పట్టుమని పదడుగుల గది. రోడ్డు వైపు అద్దం. లోపల ఒక చెక్క బల్ల, దాని మీద ఆకుపచ్చ గుడ్డ. బల్ల మీదకి కాటా వచ్చిందంటే ఫ్యాను ఆగాల్సిందే. మండుటెండైనా సరే. "గాలికి కూడా అబద్ధమాడే గుణముందిరా" అనేవాడు. చెమటలు కక్కుతూ ఆయన్ని తిట్టుకున్నవాళ్లు ఈ హాల్లో కనీసం పాతికమంది ఉంటారు. ఉన్నారా లేదా? చేతులెత్తొద్దులెండి, నాకు తెలుసు.

గోడ అరలో ఒక చెక్కపెట్టె. అందులో ప్రామాణిక రాళ్లు. వాటిని వేళ్లతో ముట్టుకోకూడదు, చిన్న పట్టకారుతోనే తియ్యాలి. వేలి జిడ్డు అంటితే రాయి బరువు మారుతుందట. ఏ కాటా బాగుచేసినా మూడు రాళ్ల పరీక్ష చెయ్యాలి. చిన్న రాయి, మధ్య రాయి, పెద్ద రాయి. ఒక్కొక్కటే పెట్టి, కాటా ఎంత చూపించిందో కార్డు మీద మూడు గళ్లలో రాయాలి. ఆ తరవాతే సంతకం. సంతకం తరవాతే ముద్ర. ఇంట్లో పెళ్లి ఉన్నా, ఒంట్లో జ్వరం ఉన్నా ఇదే వరస. ఒకసారి కిరాణా కొట్టాయన విసుగెత్తి, "మాస్టారూ, నాకు మూడు ముళ్లు వెయ్యడానికి కూడా ఇంతసేపు పట్టలేదండీ" అన్నారు. అదిగో, నవ్వుతున్నారు. దానికి మామయ్య తలెత్తకుండానే, "అప్పుడే కాస్త చూసుకుని వెయ్యాల్సింది" అన్నాడు.

ఆయన భక్తుడు. అది మీకు కొత్త సంగతి కాదు. కొట్టు తెరవగానే మూడు నిమిషాలు కళ్లు మూసుకుని ప్రార్థన, ఆ తరవాత రాళ్లు తుడవడం. నేను పంతొమ్మిదో ఏట కాలేజీలో రెండు పుస్తకాలు చదివి దేవుడు లేడని తేల్చేశాను. మూడోది చదివుంటే కాస్త తగ్గేవాణ్ణేమో. ఒక పొద్దున ఆయన కళ్లు తెరిచేదాకా కూడా ఆగకుండా చెప్పాను. పైవాడెవడూ లేడు, మనిషికి మనిషే దిక్కు, మనిషి చాలు అన్నాను. నాది మానవవాదం అన్నాను. దెబ్బలాట జరుగుతుందనుకున్నాను. ఆయన కళ్లు తెరిచి, "సరే. మనిషి చాలన్నావుగా, బయట ఎండలో ఒక మనిషి నిలబడ్డాడు. కుర్చీ వెయ్యి" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి నన్ను ప్రార్థనకు పిలవలేదు. రాళ్లు తుడిచే పని మాత్రం నాకు అప్పగించాడు.

పరిశోధనలో చేరాక నేను బౌద్ధం వైపు తిరిగాను. మా బౌద్ధ అధ్యయన సంఘం మిత్రులు వెనక ఉన్నారు, వాళ్లకు తెలుసు. దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, దాన్ని దాటే దారి ఉంది అని దేవుణ్ణి పిలవకుండా చెప్పిన మాట అది. నాకు నచ్చింది. అన్నిటికన్నా నచ్చింది అనాత్మ. నేను అనే గట్టి ముద్ద లోపల ఎక్కడా లేదు, క్షణక్షణం మారిపోయే ఆలోచనలూ అలవాట్లూ తప్ప అన్న మాట. రోజూ అన్నం దగ్గర అదే చెప్పేవాణ్ణి. అత్తయ్య, "లేనివాడికి ఇంత కూరెందుకు" అని గిన్నె పక్కకి జరిపేది. మామయ్య నవ్వి మళ్లీ నా వైపు జరిపేవాడు.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. ఇది చెప్పకుండా తప్పించుకుందామని నాలుగేళ్లుగా చూస్తూనే ఉన్నాను. ఈ పొద్దున చొక్కా వేసుకుంటున్నప్పుడు కూడా చూశాను.

నాలుగేళ్ల కిందట ఒక చిన్న ఆసుపత్రి మందుల గదిలోంచి ఒక కాటా బాగుకు వచ్చింది. పిల్లలకు ఇచ్చే పొడి మందులు తూచే కాటా. మా కొట్టు నుంచి కార్డుతో, సంతకంతో, ముద్రతో తిరిగి వెళ్లింది. ఆ కాటా ఒక గ్రాము చూపిస్తే పళ్లెంలో ఉన్నది రెండు గ్రాములు. మర్నాడు ఒక ఆరేళ్ల పాపకు ఆ కాటా మీద తూచిన మందు ఇచ్చారు. పాప మూడు రోజులు స్పృహలో లేదు. బతికింది. కానీ కుడిచెవి వినికిడి తిరిగి రాలేదు. విచారణ జరిగింది. మామయ్య లైసెన్సు రద్దయింది. నలభై ఏళ్ల కొట్టు మూతపడింది. కాటా మాస్టారికి చూపు తగ్గింది, చెయ్యి జారింది అని ఊరంతా అనుకుంది.

మీకు తెలిసింది అంతవరకే.

ఆ రోజు ఆ బల్ల దగ్గర కూర్చున్నది మా మామయ్య కాదు. నేను.

కూర్చోండి. దయచేసి కూర్చోండి. పూర్తిగా చెప్పనివ్వండి, మళ్లీ నాకు ఈ ధైర్యం రాదు.

ఆయన పని మీద బయటికి వెళ్లాడు. రెండు రోజుల్లో నాకు సెమినార్. విషయం ఏమిటో తెలుసా? అనాత్మ. ఎడమచేతి కింద పుస్తకం, ఎదురుగా కాటా. సరిచేసేటప్పుడు ఆ ఎలక్ట్రానిక్ కాటా తెర మీద వంద గ్రాముల రాయి పెట్టమని అడిగింది. నేను పుస్తకం మీంచి చూపు తిప్పకుండా రెండు వందల గ్రాముల రాయి పెట్టి, దాన్నే వంద అని కాటాకు నేర్పాను. అది పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది. మూడు రాళ్ల పరీక్ష పెట్టింది అలాంటి పొరపాటు పట్టుకోవడానికే. ఒక్క చిన్న రాయి పెట్టి చూసినా బయటపడేది. నేను పెట్టలేదు. మూడు గళ్లలో మూడు అంకెలు రాసేశాను, ఏ రాయీ పెట్టకుండా. కింద మామయ్య సంతకం గీశాను. కొట్టు ఆయనది కాబట్టి, ఆయన లేనప్పుడు అలా గీయడం అలవాటే. ముద్ర వేశాను. పుస్తకంలో పేజీ తిప్పాను.

దాన్ని చెయ్యి జారడం అనరండీ. చెయ్యి జారితే పాపం చెయ్యి ఏం చేస్తుంది? నేను రాసింది అబద్ధం.

సంగతి తెలిసిన సాయంత్రం మామయ్య ఆసుపత్రి నుంచి తెచ్చిన ఆ కార్డు నా ముందు పెట్టాడు. అప్పుడు నేను ఏం మాట్లాడానో తెలుసా? చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. తత్వశాస్త్రం మాట్లాడాను. నిన్న ఆ పని చేసిన మనసు ఈ రోజు లేదు, క్రియ ఉంది గానీ దాని వెనక కర్త అనేవాడు లేడు, లేనివాడికి తప్పు ఎలా అంటగడతావు అన్నాను. ఎంత చక్కగా చెప్పానంటే, అదే మాట మర్నాడు సెమినార్లో చెబితే మెచ్చుకున్నారు. మామయ్య కార్డును ఇంకాస్త నా వైపు జరిపాడు. "చేసినవాడు లేడంటున్నావు, సరే. దిద్దేవాడైనా ఉన్నాడా?" అన్నాడు.

నేను పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్లిపోయాను. ఆ మాటకు బదులు ఇప్పటికీ ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

విచారణ గది నాకు ఈ రోజుకీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. పొడవాటి బల్ల, అటువైపు ముగ్గురు అధికారులు, ఇటువైపు ఒక్క కుర్చీ. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. "పరీక్ష చేసింది ఎవరు?" అని అడిగారు. మామయ్య, "ముద్ర నాది" అన్నాడు. వాళ్లు మళ్లీ అడిగారు. మళ్లీ అదే మాట. మూడోసారి కాస్త గొంతు పెంచి అడిగారు. "ముద్ర నాది, బాధ్యత నాది" అన్నాడు. గమనించారా? నేను చేశాను అని ఒక్కసారి కూడా అనలేదు. ఆయన దేవుణ్ణి నమ్మినవాడు, అబద్ధమాడడు. మూడుసార్లూ నా కోసం చోటు వదిలాడు. తలుపు దగ్గర నుంచి ఆ కుర్చీకి ఆరు అడుగులు. నేను కదల్లేదు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

ఆ నెలలో మా కొట్టు నుంచి వెళ్లిన కాటాలు ముప్పై ఏడు. లైసెన్సు పోయినా ఆయన రాళ్ల పెట్టె తీసి నా చేతికిచ్చి, ముప్పై ఏడు చోట్లకీ నడిచాడు. "మా కొట్టు నుంచి వచ్చిన కాటా, ఇంకోసారి చూడనివ్వండి" అని అడిగాడు. కొందరు కుర్చీ వేశారు. కొందరు గుమ్మం బయటే నిలబెట్టారు. వాళ్లూ ఇక్కడున్నారు, ఫర్వాలేదు, మీ కోపం న్యాయమైనదే. ముప్పై ఏడులో ఇంకే తప్పూ దొరకలేదు. అయినా ఆఖరిదాకా చూశాడు.

అన్నిటికంటే ముందు వెళ్లింది పాప ఇంటికి.

దర్జీ గారూ, మూడో వరుసలో కూర్చున్నారు మీరు. పాపను మీ కుడిపక్కన కూర్చోబెట్టుకున్నారు, ఎడమచెవి ఈ మైకు వైపు ఉండేలా. నేను ఇక్కడికి ఎక్కినప్పటి నుంచీ అదే చూస్తున్నాను. ఆ రోజు మీరు కుట్టు మిషను మీద ఉన్నారు. లేవలేదు. కూర్చోమనలేదు. మామయ్య గుమ్మంలో నిలబడి, "మా కొట్టులో జరిగిన తప్పు వల్ల మీ పాపకు ఇలా అయింది" అన్నాడు. ఆ తరవాత ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. మీకు గుర్తుందా? ముసలాయన మాట రాక ఆగాడని మీరు అనుకుని ఉంటారు. మాట రాక కాదు. ఆ నిమిషం నాకోసం. నేను ఆయన వెనకే, పెట్టె పట్టుకుని ఉన్నాను. నేల మీద మీ గుడ్డముక్కలు చూస్తూ ఉన్నాను. నీలం రంగువి. వాటిని లెక్కపెట్టాను గానీ నోరు తెరవలేదు.

తరవాత రెండేళ్లకు మీరే మా ఇంటికి వచ్చి ఆయన్ని మన్నించానని చెప్పారు. ఆయన మీ రెండు చేతులూ పట్టుకున్నాడు. మీరు వెళ్లాక నాతో, "అది నాకు చెందింది కాదురా, దాచి ఉంచుతాను" అన్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు. నాలుగేళ్లలో ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. కొట్టి ఉంటే ఇంకా బాగుండేది.

అత్తయ్యా, నీకు కూడా తెలియదు. "చూపు ఆననప్పుడు కొట్టు మూసుకుని ఇంట్లో కూర్చోవచ్చుగా, పసిపిల్ల ఉసురు పోసుకోకపోతే" అని నువ్వు ఎన్నిసార్లు అన్నావో నేను విన్నాను. ఆయన పళ్లెంలోకి చూస్తూ తినేవాడు. నేనూ పక్కనే కూర్చుని తిన్నాను. ఆయన చూపు చివరిదాకా బాగానే ఉంది అత్తయ్యా. సూదిలో దారం ఆయనే ఎక్కించేవాడు, నువ్వు చూడలేదా? ఆయన చెయ్యి ఏ రోజూ జారలేదు. మీ ఆయన తప్పు చెయ్యలేదు. ఈ మాట ఆయన బతికుండగా నీకు చెప్పి ఉంటే, ఆ ముద్ద ఆయన గొంతు సుఖంగా దిగేది. నేను చెప్పలేదు.

నా తోటి విద్యార్థులు నన్ను అడుగుతుంటారు, ఇంతకీ నీ మతం ఏమిటి, నువ్వు ఏ గట్టున ఉన్నావు అని. ఈ రోజు చెప్తాను. నేను దేవుణ్ణి ఇప్పటికీ నమ్మలేను. మామయ్య పైన ఎక్కడో ఉండి ఇది వింటున్నాడని అనలేను. అలా అనగలిగితే నా గుండె తేలికయ్యేది, అందుకే అనడం లేదు. మానవవాదిని అన్నాను. మానవజాతి మీద నలభై పేజీలు రాశాను గానీ, ఒక్క దర్జీ ముఖంలోకి చూడలేకపోయాను. మానవజాతిని ప్రేమించడం తేలికండీ, అది మన గుమ్మంలోకి వచ్చి నిలబడదు కదా.

బౌద్ధం మాటకొస్తే, మిత్రులారా, మనం చదివింది తప్పు కాదు. నేను వాడుకున్న తీరు తప్పు. లోపల 'నేను' అనేది లేదన్న చదువు చదివి, ఆ లేని 'నేను' పరువు కోసం నాలుగేళ్లు నోరు మూసుకున్నాను. ఇంతకన్నా నవ్వులాట ఉంటుందా? చేసినవాడు లేడు కాబట్టి తప్పు లేదు అని కాదు అక్కడ అర్థం. కాపాడుకోవాల్సినవాడు లోపల ఎవడూ లేడు కాబట్టి, వెళ్లి నిజం చెప్పు అని అర్థం. ఇది నాకు ధ్యానంలో తెలియలేదు. ఇప్పుడు, అధ్యక్షులవారు మన్నించాం అన్నప్పుడు, అత్తయ్య తల దించుకున్నప్పుడు తెలిసింది. మామయ్య ఏ పుస్తకమూ చదవకుండా, తన పేరునే తీసి పక్కన పెట్టి బతికాడు. దేవుడి మీద నమ్మకంతో చేశాడు. ఆ నమ్మకం నాకు లేదు. ఆ పని మాత్రం నాకూ కావాలి.

మా ఆచార్యులు కూడా వచ్చారు. సార్, సోమవారం నుంచి నన్ను నీతిశాస్త్రం పాఠం చెప్పమన్నారు. ఉత్తర్వు కూడా ఇచ్చారు. రేపు పొద్దున పది గంటలకు తూనికల కార్యాలయానికి వెళ్లి, ఆ కార్డు నింపింది నేనని రాసి సంతకం పెడతాను. ఈసారి నా సంతకం. తరవాత వాళ్లు ఏం చేస్తారో నాకు తెలియదు. సోమవారం నేను ఆ తరగతికి రావచ్చో లేదో మీరు నిర్ణయించండి. మీరు వద్దంటే మీ మీద కోపం రాదు.

అయ్యలారా, అమ్మలారా. ఇలాంటి సభ చివర రెండు నిమిషాల మౌనం పాటించమని అడగాలి. అడగడానికి నాకు నోరు రావడం లేదు. నాలుగేళ్లు నేను చేసింది అదే. మౌనంలో గౌరవం ఉంటుందంటారు. పిరికితనం కూడా అక్కడే హాయిగా దాక్కుంటుంది. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే ఈ రెండు నిమిషాలు ఆయనవి. నమ్మకం ఉన్నవాళ్లు ప్రార్థన చేసుకోండి, ఆయనకు ఇష్టం. నమ్మకం లేనివాళ్లు ఆయన బల్ల ముందు చెమటోడుస్తూ కూర్చున్న రోజును తలుచుకోండి. కాటా మాస్టారి చెయ్యి జారింది అని ఎప్పుడైనా అని ఉంటే, మనసులో ఆ మాట వెనక్కి తీసుకోండి. అత్తయ్యా, నువ్వు తల ఎత్తి నిలబడు.

దర్జీ గారూ, మీరు మాత్రం మౌనంగా ఉండాలని నేను అడగను. లేవాలని కూడా అడగను. మీకు ఏ మాట వస్తే ఆ మాట ఇప్పుడే, అందరి ముందే అనండి. మైకు ఆపేస్తున్నాను. నేను ఇక్కడే నిలబడి వింటాను.

మిగిలినవారందరూ, దయచేసి లేచి నిలబడండి.